ఖతార్‌లో హక్కులు తిరగరాసిన నాలుగు రోజులు

ఖతార్ వెళ్లొచ్చాక మా కాలనీలో నన్ను పలకరించిన ప్రతి ఒక్కరూ "దుబాయ్ ఎట్లుంది మేడం?" అనే అడిగారు. మొదటి రెండు రోజులూ "దుబాయ్ కాదమ్మా, ఖతార్" అని ఓపిగ్గా సరిదిద్దాను. మూడో రోజు నుంచి "మంచిగుంది" అనేసి ఊరుకుంటున్నాను. నిజామాబాద్‌లో సముద్రం అవతలి ఎడారి ఏదైనా దుబాయే. బంగారం తెచ్చావా అని అడిగారు, ఖర్జూరాలు తెచ్చావా అని అడిగారు. ఎందుకు వెళ్లావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నేను చూడ్డానికి వెళ్లలేదు, రాయడానికి వెళ్లాను. అక్కడి తెలుగువాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. దానికో నిబంధనావళి ఉంది. వాళ్లు దాన్ని ముద్దుగా 'మా రాజ్యాంగం' అంటారు. అందులో మొదటి అధ్యాయం సభ్యుల హక్కులు. ఆ అధ్యాయాన్ని తిరగరాయాలి, మీరే రావాలి అని సంఘం అధ్యక్షుడు రత్నరాజు గారు ఫోన్ చేశారు. ఆయన భార్య మేరీ కమల, మా చెల్లెలు ఒకప్పుడు ఒకే హాస్టల్లో చదువుకున్నారట, అలా నా పేరు తెలిసింది.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ న్యాయశాఖలో చట్టాలను తెలుగులోకి దించి రిటైరయ్యాను. ఒక్క 'మరియు' అటూ ఇటూ అయినందుకు పెద్ద పెద్ద అధికారులను నిలబెట్టి కడిగేసిన దాన్ని. ఒక సంఘం రాజ్యాంగం నాకో లెక్కా! టికెట్ పంపండి అన్నాను.

అల్ వుకైర్: మెట్ల మీద చెప్పులు

దిగీ దిగగానే నా గొప్ప కొంచెం దిగింది. కళ్లద్దాలు విమానంలో ముందు సీటు జేబులో మరిచిపోయాను. ఆ సంగతి రత్నరాజు గారి కారులో కూర్చున్నాక గాని తెలియలేదు.

"వచ్చేశారాండి! ఏం కంగారు పడకండి, రేపు కొత్తవి చేయించేద్దాం," అన్నారాయన. కోనసీమ మనిషి. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇరవై ఏళ్లుగా ఖతార్‌లో ఉన్నా ఆ 'అండి' మాత్రం చెక్కుచెదరలేదు.

దారిలో ఫోన్‌కు సిమ్ తీసుకుందామని ఒక దుకాణం ముందు ఆగాం. కౌంటర్లో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి నవ్వుతూ ఒక కాగితం ముందు పెట్టి, గోరుతో ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించింది. కుడివైపు అరబ్బీ, ఎడమవైపు చీమల బారులా ఏదో ఇంగ్లీషు. మూడు చోట్లా సంతకం పెట్టేసి బయటికొచ్చి, పక్క కొట్లో కరక్ చాయ్ తాగాను. యాలకులు వేసి చిక్కగా కాచిన చాయ్, రియాలుకి ఒక కప్పు. మన ఇరానీ చాయ్ అలవాటున్న నోటికి తీపి ఎక్కువే, కానీ రెండోది కూడా తాగాను.

అల్ వుకైర్ ఇసుకలో కొత్తగా లేస్తున్న ఊరు. విల్లాలన్నీ ఒకటే రంగు, ఒకటే గోడ, ఒకటే గేటు. మన దగ్గర ఇల్లు గుర్తు చెప్పాలంటే నీలం గేటు అంటాం, ముందు జామచెట్టు అంటాం, లేకపోతే ఎదురింటి కుక్క పేరైనా చెబుతాం. ఇక్కడ ఫోన్‌లో మ్యాపు లేకపోతే సొంతింటికి కూడా చేరలేరు. రత్నరాజు గారే ఒకసారి పక్కవాళ్ల గేటు తీయబోయి లెంపలేసుకున్నారట.

మేరీ కమల హమ్మూర్ చేపతో గోదావరి పులుసు పెట్టింది. చేప ఈ సముద్రానిది, పులుసు ఆ నదిది. రెండోసారి అన్నం కూడా పెట్టించుకుని తిని, ఇక పనిలో పడదామన్నాను. నాకు అద్దాలు లేవు కాబట్టి రాజ్యాంగం ఆవిడే చదివింది.

"ఒకటో హక్కు. ప్రతి సభ్యునికిని సమావేశమునకు హాజరగు హక్కు కలదు."

"బాగుంది."

"రెండో హక్కు. నీళ్ల ట్యాంకును ఏడాదికి రెండుసార్లు కడిగించవలెనని కోరు హక్కు."

"ఏం ట్యాంకమ్మా?"

మేరీ కమల భర్త వైపు చూసింది. ఆయన పులుసు గిన్నె వైపు చూశారు.

"మూడో హక్కు, లిఫ్టు చెడిపోయినచో. నాలుగు, మెట్ల మీద చెప్పులు విడువరాదు."

అప్పుడు చెప్పారు రత్నరాజు గారు. పదకొండేళ్ల కిందట సంఘం పెట్టినప్పుడు నిబంధనలు వారంలో కావాలన్నారు. అప్పటి కార్యదర్శి హైదరాబాద్‌లో తన బావమరిది ఉండే అపార్ట్‌మెంట్ నిబంధనలు తెప్పించి, పైన పేరు మార్చేశాడు. సమావేశంలో అందరూ చేతులెత్తారు. చదివినవాళ్లు లేరు. పదకొండేళ్లుగా ఖతార్ తెలుగువాళ్లు ఎక్కడా లేని మెట్ల మీద చెప్పులు విడవకుండా కాలం గడుపుతున్నారన్నమాట. ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

"ఇది కూడా వినండి," అని మేరీ కమల కళ్లు తుడుచుకుంటూ చదివింది. "సభ్యుడనగా సొంతముగా గాని అద్దెకు గాని ఫ్లాటునందు కుటుంబ సమేతముగా నివసించు పెద్దవారు."

ఈసారి రత్నరాజు గారు నవ్వలేదు.

"అసలు చిక్కు ఇక్కడేనండి. అల్ ఖోర్‌లో కూలీలుండే క్యాంప్‌లో మల్లేశం అని ఒకబ్బాయి ఉన్నాడు. స్టీల్ ఫిక్సర్, స్లాబులకి ఇనుప చువ్వలు కట్టే పని. క్యాంప్ వాళ్ల తరఫున సహాయ కార్యదర్శి పదవికి నామినేషన్ వేశాడండి. కమిటీలో ఒకాయన ఈ వాక్యం తీసి చూపించాడు. క్యాంప్‌లో ఉండేవాళ్లకి ఫ్లాటూ లేదు, ఇక్కడ కుటుంబమూ లేదు. అంటే వాళ్లు అసలు సభ్యులే కాదని తేల్చేశారు. పదకొండేళ్లుగా బతుకమ్మకి స్టేజీ కట్టింది వాళ్లే, క్రిస్మస్‌కి కుర్చీలు మోసింది వాళ్లేనండి."

"అంటే కుర్చీలు మొయ్యడానికి మనవాళ్లు, కూర్చోడానికి కాదు," అన్నాను.

ఆయన తల దించుకున్నారు. ఒక్క మాట ఎక్కువన్నానేమో అనిపించింది గాని వెనక్కి తీసుకోలేదు.

సంగతి ఇదీ. శుక్రవారం సర్వసభ్య సమావేశం. హక్కుల అధ్యాయం మారాలంటే వచ్చిన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. పాత లెక్క ప్రకారం ఆ సభ్యులంతా ఫ్లాట్ల వాళ్లే. క్యాంప్ వాళ్లు లోపలికి రావాలో వద్దో లోపల ఉన్నవాళ్లు తేల్చాలి. ఈసారి కాదన్నారంటే మళ్లీ ఈ మాట ఎత్తేవాళ్లుండరు.

"మీరు రాసేది గట్టిగా ఉంటే ఒప్పుకుంటారండి," అన్నారు రత్నరాజు గారు.

"అది నాకొదిలెయ్యండి," అన్నాను. ఆయన అద్దాలే అడిగి పెట్టుకుని, తల తిరుగుతున్నా లెక్కచేయకుండా సాయంత్రానికల్లా ముసాయిదా పూర్తి చేశాను. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అల్ రయ్యాన్: జవాబు లేని చోట మటన్

మర్నాడు అల్ రయ్యాన్ వెళ్లాను. టాక్సీ డ్రైవర్ పెషావర్ వాడు. నా నిజామాబాద్ ఉర్దూ విని మొదట బిత్తరపోయాడు, తర్వాత స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు. వద్దు అనడానికి 'నక్కో' అన్న ప్రతిసారీ "ఫిర్ బోలో, ఆపా" అని మళ్లీ చెప్పించుకున్నాడు. ఏం పని మీద వచ్చావన్నాడు. హక్కులు రాయడానికన్నాను. నవ్వు ఆపేసి, అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. దిగేటప్పుడు "మాకూ రెండు రాసి పెట్టు" అన్నాడు.

దారిలో కళ్లద్దాలు చేయించుకున్నాను. ఆ ధరకి మన దగ్గర రెండు జతలు, పైగా ఒక పెట్టె వచ్చేవి. గొణుక్కుంటూనే పెట్టుకున్నాను. లోకం మళ్లీ స్పష్టంగా కనిపించింది.

నేను కలవాల్సిన మనిషి భూమయ్య. సైట్ సూపర్‌వైజర్. సంఘంలో సభ్యత్వ కార్యదర్శి, అంటే సభ్యుల రిజిస్టర్ ఆయన చేతిలో ఉంటుంది. మల్లేశం నామినేషన్ కొట్టేయించింది కూడా ఆయనే. మెట్‌పల్లి దిక్కు మనిషి. గొంతు వింటే గుమ్మంలోంచే ఊరంతటినీ పిలిచేలా ఉంటుంది.

"రా అక్కా, కూసో. మన దిక్కు మనిషివట గద! లావణ్యా, సర్వపిండి తీస్కరా."

ఆయన భార్య లావణ్య తెచ్చిన సర్వపిండి అంచులు కరకరలాడుతున్నాయి. ఎడారిలో కూర్చుని నువ్వులు, కరివేపాకు పంటికింద తగులుతుంటే కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా ప్రయత్నించాను.

"మల్లేశం పేరు ఎందుకు కొట్టేపిచ్చినవ్ భూమయ్యా?"

"అక్కా, నేను వాళ్లకు ఎదురు కాదు. కని జర ఆలోచన చెయ్యి. మేమెంతమందిమి, వాళ్లెంతమంది? ఒక్క అల్ ఖోర్ కెల్లి రెండు బస్సులు దిగితె సంఘం వాళ్లదే. ఇయ్యాల ఉంటరు, రేపు కంపెనీ ఎగ్జిట్ కొడితె పోతరు. మేము పిల్లలతోని ఉన్నోళ్లం. స్కూలుంటది, పరీక్షలుంటయి. పొద్దుగాల లేస్తె మా బాధలు వేరే."

భయం అబద్ధం కాదని ఒప్పుకోవాలి. ఎనభై కుటుంబాలు కష్టపడి పెంచుకున్న సంఘం అది.

"నువ్వు గూడ క్యాంప్‌ల ఉన్నవట గద, ఎన్నేండ్లు?" అన్నాను, మటన్ కూరతో భోజనానికి కూర్చున్నాక.

"తొమ్మిదేండ్లు. గా అల్ ఖోర్‌లనే."

"మరి?"

"అందుకే చెప్తున్న. ఆ తొమ్మిదేండ్లు నన్ను అడిగినోడు లేడు. సంఘం లేదు, ఏది లేదు, అన్ని మాఫీ. ఎముకలిరగ్గొట్టుకోని ఇటు ఒడ్డుకు వచ్చిన. వాళ్లు గూడ గట్లనే రావాలె."

"నువ్వు మునిగి తేలినవని అందరు మునగాల్నా?"

భూమయ్య పెద్దగా నవ్వి, నా కంచంలో ఇంకో మటన్ ముక్క వేశాడు. "నువ్వు అచ్చం మా పెద్దక్క లెక్కనే మాట్లాడుతున్నవ్!" అన్నాడు. అదీ ఆయన పద్ధతి, జవాబు లేని చోట మటన్ వేస్తాడు. ఆ పూట నేను చాలా మటన్ తిన్నాను.

సాగనంపేటప్పుడు మాత్రం ధీమాగా ఒక మాటన్నాడు. "శుక్రారం చేతులెత్తిపిద్దాం అక్కా, అయిదు నిమిషాల పని. ఎవలు ఎటున్నరో నాకెరికే."

"సగం మందికి కొల్వులు ఈనెనే పెట్టిపిచ్చిండు," అంది లావణ్య, మురిపెంగా. ఆ మాట నా చెవిలో పడింది గాని బుర్రలోకి వెళ్లలేదు. నా ముసాయిదా మీద నాకంత నమ్మకం.

అల్ ఖోర్: శనగ, అలసంద

గురువారం సాయంత్రం రత్నరాజు గారు నన్ను అల్ ఖోర్ తీసుకెళ్లారు. ఉత్తరంగా గంట ప్రయాణం. ఒక పక్క ఇసుక, దూరంగా సముద్రం, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. ఊళ్లో గ్యాస్ కంపెనీల కుటుంబాలుండే ఇళ్లు పచ్చగా, పొందిగ్గా ఉన్నాయి. క్యాంప్ ఊరి బయట ఉంది. డ్యూటీ బస్సులు అప్పుడే వచ్చాయి. దిగుతున్న వాళ్ల కనుబొమల మీద కూడా సిమెంటు దుమ్ము.

మల్లేశం ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. సన్నగా, చువ్వలా ఉన్నాడు. చేతులు మాత్రం అతని కంటే పదేళ్లు పెద్దవి. కోరుట్ల దగ్గరి ఊరు. గదిలో అంతస్తుల మంచాలు. నన్ను కింది మంచం మీద కూర్చోబెట్టి, ఎక్కణ్నుంచో తెచ్చిన కొత్త దుప్పటి పరిచారు. పక్క గదుల వాళ్లు కూడా వచ్చి గుమ్మం దాకా నిండారు. వంట చేసే రాజన్న అందరికంటే పెద్దవాడు. గరిటె చేతిలోనే ఉంది.

నేను గొంతు సవరించుకుని చదివాను. "ఖతార్ దేశమందలి తెలుగు ప్రజానీకమగు మేము, సర్వసభ్య సమానత్వమును పరిరక్షించు దృఢ సంకల్పముతో, ఇందుమూలముగా..."

"మేడం," అన్నాడు మల్లేశం మెల్లగా, "ఇది తెలుగేనా?"

గదంతా గొల్లుమంది. నా మొహం మాడిపోయింది.

"నవ్వకుండ్రిరా," అన్నాడు రాజన్న. "మంచిగనే ఉందమ్మా. పంతులు మంత్రం సదివినట్టున్నది. తెల్వకున్నా దండం పెట్టబుద్దైతది."

అది ఇంకా ఘోరం. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. "సరే, మీరే చెప్పుండ్రి. ఏం హక్కు కావాలె?"

పెద్ద పెద్ద కోరికలు వస్తాయని పెన్ను తీసుకు కూర్చున్నాను. మల్లేశం మొదలుపెట్టాడు.

"మా రూంల పోశం అని ఉండె మేడం. పోయినేడు సైట్ మీదికెల్లి పడి కాలిరిగింది. దవఖానల ఉన్నప్పుడు కంపెనీ కెల్లి ఒకాయన కాగితం తెచ్చిండు. సంతకం పెట్టు, ఫులూస్, పైసలు వస్తయన్నడు. అరబ్బీల ఉన్నది. పోశంకు తెలుగు సదువుడే సక్కగ రాదు. నేను సంఘంలకు ఫోన్ చేసిన, ఎవలన్న వచ్చి ఏమున్నదో చెప్పుండ్రని. మీరు మెంబర్లు కాదు గద అన్నరు. రెండ్రోజులు చూసిండు, పెట్టిండు. ఆయినంక తెలిసింది, నా ఇష్టంతోనే కొల్వు ఇడిసి పోతున్న అని ఉన్నదట అండ్ల. యల్లా, నడువు అని ఇంటికి తోలిండ్రు. కుంటుకుంట పోయిండు."

"నువ్వు పోటీ చేసింది అందుకేనా?"

"నాకు పదవెందుకు మేడం. మా కెల్లి ఒక్కడు లోపటుంటె, ఫోన్ చేస్తె ఎత్తుతడు గద."

సిమ్ దుకాణం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు కాగితాలు చదివి బతికిన నేను, ఏముందో అడగకుండా మూడు సంతకాలు పెట్టి చాయ్ తాగడానికి వెళ్లాను. నాకేమీ కాలేదు. పోశంకి బతుకుతెరువు పోయింది. ఆ గదిలో కూర్చోవడానికి సిగ్గేసింది. ఆ విషయం వాళ్లకీ చెప్పాను. మల్లేశం నా వైపు వింతగా చూశాడు. "మీరు గూడనా?" అన్నాడు.

తర్వాత కాస్త తేరుకుని, సమావేశంలో సభ్యులు బహిరంగంగా చేతులెత్తి ఓటు వేసే హక్కు కూడా రాశానని గర్వంగా చెప్పాను. రాజన్న గరిటె అడ్డంగా ఊపాడు.

"చేతులెత్తుడు వద్దమ్మా."

"ఎందుకు?"

"మాకు శుక్రారం ఏం వండాలె అని బేస్తారం ఓటుంటది. మటనా, చాపలా. ఎనుకట చేతులెత్తుతుండె. మా చార్జ్‌హ్యాండ్, మాకు పని పంచెటాయన, మా రూంలనే ఉంటడు, ఆయనకు చాపలంటె పానం. ఆయన ముంగట మటన్‌కు చెయ్యెవడు లేపుతడు? పొద్దుగాల బరువు పని ఏస్తడాయె. ఏడాది పొడుగున చాపలే తిన్నం. నోట్లె ముండ్లు మొలుస్తయనుకున్న."

"మరి ఇప్పుడు?"

"సూడుండ్రి."

రెండు ఖాళీ పాలపొడి డబ్బాలు తెచ్చాడు. ఒకటి ఓటు డబ్బా, ఒకటి మిగులు డబ్బా. రెండింటి మీదా ఒకే తువ్వాల కప్పాడు. ప్రతి మనిషికీ ఒక శనగ గింజ, ఒక అలసంద గింజ ఇచ్చాడు. శనగ అంటే మటన్, అలసంద అంటే చేప. తువ్వాల కిందికి చెయ్యి పోతుంది, ఒక గింజ ఓటు డబ్బాలో, రెండోది మిగులు డబ్బాలో పడతాయి, ఖాళీ చెయ్యి బయటికొస్తుంది. చదువు రానివాడు కూడా వేయగలడు. చార్జ్‌హ్యాండ్ ఎంత మెడ సాచినా ఏమీ కనపడదు. ఆయన కూడా నవ్వుతూ వచ్చి తన గింజ వేసి వెళ్లాడు. నాకూ రెండు గింజలు ఇచ్చారు. ఏది వేశానో చెప్పను.

"ఓట్లు ఏం చేస్తరు తర్వాత?" అన్నాను.

"నానబెట్టి వండుకుంటం," అన్నాడు రాజన్న.

అప్పుడు వెలిగింది నాకు. రేపు చేతులెత్తేది ఈ గదిలోవాళ్లు కాదు, ఫ్లాట్లలో వాళ్లు. వాళ్లలో సగం మందికి భూమయ్య ఉద్యోగం పెట్టించాడు. ఆయన ముందు వరసలో కూర్చుని లెక్కపెడుతుంటే మల్లేశం కోసం చెయ్యెత్తేదెవరు? ఫ్లాట్ల వాళ్లు కూడా ఏడాది పొడుగునా చేపలే తింటున్నారు.

కింది మంచం మీదే కూర్చుని మొత్తం తిరగరాశాను. ఒక్కో వాక్యం మల్లేశం చదివి, తలూపితేనే ఉంచాను. చివరికి మూడు మిగిలాయి. ఖతార్‌లో పనిచేసుకుని బతికే తెలుగు మనిషి ఎవరైనా, విల్లాలో ఉన్నా క్యాంప్‌లో ఉన్నా, సంఘంలో సభ్యుడే. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు అందులో ఏముందో తన తెలుగులో చెప్పమని అడిగే హక్కు సభ్యుడికి ఉంది, అడిగితే వెళ్లి చెప్పడం సంఘం పని. సభ్యుడు ఎటు ఓటు వేశాడో ఎవరూ చూడకూడదు, అడగకూడదు. నా ఉద్యోగంలో ఇంత పొట్టి చట్టం ఎప్పుడూ రాయలేదు. ఇంత మంచిది కూడా రాయలేదు.

బయల్దేరేటప్పుడు రాజన్న ఒక సంచి ఇచ్చాడు. అందులో రెండు డబ్బాలు, ఒక తువ్వాల, గింజల పొట్లాలు ఉన్నాయి.

దోహా: తువ్వాల కింద చెయ్యి

ఖతార్‌లో శుక్రవారమే సెలవు కాబట్టి క్రైస్తవుల ఆరాధన కూడా ఆ రోజే. మన ఆదివారం పట్టుచీరలు అక్కడ శుక్రవారం కనపడతాయి. చర్చి అయ్యాక, జుమ్మా నమాజు ట్రాఫిక్ తగ్గాక, మధ్యాహ్నం మూడింటికి ఒక అద్దె హాల్లో సమావేశం మొదలైంది. అల్ ఖోర్ బస్సు బయట ఆగి ఉంది. సభ్యులు కాదు కాబట్టి వాళ్లు గోడ నీడన నిలబడ్డారు. మల్లేశం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. మడతలు కత్తిలా ఉన్నాయి.

ముందుగా మైకులో పాత హక్కులు చదివాను. నీళ్ల ట్యాంకు దగ్గర చిన్నగా నవ్వులు మొదలై, మెట్ల మీద చెప్పుల దగ్గరికి వచ్చేసరికి హాలు అదిరిపోయింది. తర్వాత పోశం సంగతి చెప్పాను. ఒక ఇంజనీరు లేచి, వాళ్లంతా వస్తే మన మాట చెల్లుతుందా అని అడిగాడు.

రత్నరాజు గారు మైకు అందుకున్నారు. "పోశం కోసం ఆ అబ్బాయి ఫోన్ చేసింది నాకేనండి. మెంబర్లు కాదు కదా అన్నది నేనే. రూలు చూసి చెప్పానండి, మనిషిని చూడలేదు. మన మాట చెల్లడమంటే ఇదేనా అని ఏడాదిగా అనిపిస్తోందండి."

నాకు ఆ విషయం అప్పటిదాకా తెలియదు. ఆయన పక్కన మేరీ కమల నేల చూపులు చూస్తోంది. మొదటి రోజు పులుసు గిన్నె ముందు నేనన్న మాట ఆయనకెంత లోతుగా దిగిందో అప్పుడు అర్థమైంది.

భూమయ్య లేచాడు. "మంచిది. ఇగ చేతులెత్తుదాం."

"ఈ ఒక్కటి డబ్బాల ఏద్దాం," అన్నాను.

"పేపర్లు అచ్చు కొట్టియ్యలేదు గద అక్కా?"

నేను సంచిలోంచి డబ్బాలు, తువ్వాల, గింజలు తీసి బల్ల మీద పెట్టాను. హాలంతా మళ్లీ నవ్వింది. భూమయ్య కూడా నవ్వాడు. "ఇదేంది, గుగ్గిళ్లు వండుతవా?"

"మీ రాజ్యాంగం మొత్తం చదివిన భూమయ్యా. ఓటు జరుపవలెను అని ఉన్నది. చేతుల మాట ఎక్కడా లేదు. ఉంటె చూపియ్యి."

లేదు. ఆ అపార్ట్‌మెంట్ వాళ్ల పుణ్యమా అని లేదు. శనగ అంటే సరే, అలసంద అంటే వద్దు అని చెప్పి వరస కట్టించాను.

పదకొండేళ్లలో మొదటిసారి అనుకుంటా, భార్యలు భర్తల చేతుల వైపు చూడకుండా ఓటు వేశారు. లావణ్య తువ్వాల కింద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. తీశాక ఎవరి వైపూ చూడకుండా వెళ్లి కూర్చుంది. భూమయ్య అందరికంటే ఆఖరున వచ్చి, ఠక్కున వేసి వెళ్లాడు.

ఓటు డబ్బా పళ్లెంలో బోర్లించి, రత్నరాజు గారు గింజ గింజా పైకి లెక్కపెట్టారు. అలసందలు మొదట్లో తెగ వచ్చాయి. ముప్పై ఏళ్లలో ఏ చట్టం కోసమూ ఇలా చెమటలు పట్టలేదు. తర్వాత శనగలు కుప్ప పడ్డాయి. మూడింట రెండు వంతులు దాటాక ఇంకా తొమ్మిది శనగలు మిగిలాయి. మేరీ కమల "దేవునికి స్తోత్రం!" అని లేచి నిలబడింది. నేను ఈల వేద్దామనుకుని, వయసు గుర్తొచ్చి చప్పట్లు కొట్టాను.

భూమయ్య వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. బ్యాగులోంచి సభ్యుల రిజిస్టర్ తీసి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పిలువుండ్రి," అన్నాడు.

తలుపులు తీశారు. మొదట మల్లేశం వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"పేరు?" తెలిసినా అడిగాడు భూమయ్య.

"గడ్డం మల్లేశం."

రాశాడు. ఊరు అడిగి రాశాడు. తర్వాతి గడి ఫ్లాట్ నంబర్. పెన్ను ఆగింది. రిజిస్టర్ గడులు మార్చాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాలుక కరుచుకుని ఏదో చెప్పబోయాను. భూమయ్య ఎడమ చెయ్యెత్తి ఆగమన్నాడు.

"రూం ఎంత?"

"పదిహేడు."

"పై బెడ్డా, కింది బెడ్డా?"

"పైది."

"ఏ దిక్కు?"

"ఏసీ కింద అన్నా."

భూమయ్య తలెత్తాడు. మల్లేశం మొహంలోకి సూటిగా చూడటం నేను గమనించినంతలో అదే మొదటిసారి.

"నీళ్లు కారుతున్నయా ఇంక?"

"కారుతయ్. దుప్పటి మీద ప్లాస్టిక్ కవర్ కప్పుకొని పండుకుంట."

"నేను గూడ గంతే," అన్నాడు భూమయ్య.

ఫ్లాట్ నంబర్ గడిలో నిదానంగా, గుండ్రంగా రాశాడు: రూం పదిహేడు, పై బెడ్, ఏసీ కింద. సంతకం చేయమని పెన్ను ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, రిజిస్టర్ మల్లేశం వైపు తిప్పాడు.

"ఏం రాసిన్నో మొదలు సదువుకో. సదివినంక సంతకం పెట్టు."

మల్లేశం వంగి చదివాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు తొందరపెట్టలేదు.